ఎర్రబడని చెయ్యి

ఉదయం తొమ్మిదీ పది.

పెట్టెలో పది ఉండాలి. ఎనిమిదే ఉన్నాయి.

స్టోర్ ఇన్‌చార్జ్ నాలుగోసారి లెక్కపెట్టబోయాడు.

"ఇక వదిలెయ్యండి. లెక్కపెట్టినకొద్దీ పెరగడానికి అవేం కోడిపిల్లలు కావు," అంది ఇన్‌స్పెక్టర్.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నడుముకు వేలాడుతున్న తాళాల గుత్తి గలగలమంది. ఆ గుత్తి వల్లే ఆ సంస్థలో అందరూ అతన్ని తాళాలాయన అంటారు.

ఇన్‌స్పెక్టర్‌కూ ఒక పేరుంది. ఆమె లేనప్పుడు స్టేషన్‌లో ఆమెను జల్లెడ అంటారు. ఏది పోసినా రాళ్లన్నీ పైకి తేలుస్తుందని. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు ఇంతవరకూ బయటపడలేదు.

ఆమె పెట్టెను ట్యూబ్‌లైట్ వెలుగుకు తిప్పింది. మూత చుట్టూ ఉన్న టేపు ఒకచోట రెండు పొరలుగా కనిపించింది. ఎవరో బ్లేడుతో కోసి, పైన మళ్లీ అంటించారు. వంకర లేదు, ముడత లేదు.

"మర్యాదస్తుడైన దొంగ మేడమ్," తాళాలాయన బయటికి వెళ్లేదాకా ఆగి అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పోతూ పోతూ తలుపేసి పోయాడు."

"అమ్ముకునేవాడైతే పెట్టె పెట్టంతా ఎత్తుకుపోతాడు బాబాయ్. రెండే తీశాడంటే రెండే కావాలి. ఇది ఇంటికోసం చేసిన పని."

హెడ్ రిటైర్‌మెంట్‌కు ఏడాది దూరంలో ఉన్నాడు. నలుగురి ముందు ఆమెకు హెడ్‌గారు, పక్కన ఎవరూ లేకపోతే బాబాయ్.

అది టీకాలు తయారుచేసే సంస్థ. పెట్టెలో ఉన్నవి మాత్రం సూదిమందులు కావు. పోస్టల్ స్టాంపంత ప్యాచ్‌లు. ఒక్కోదాని అడుగున వంద సన్నటి ముళ్లుంటాయి. వేలితో రాస్తే గరుకుగా తగులుతాయి తప్ప ముళ్లని తెలియదు. చర్మం మీద పెట్టి బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి, పది నిమిషాల్లో కరిగిపోతాయి. ఏడాదిగా నగరాన్ని పట్టి పీడిస్తున్న పొక్కుల జ్వరానికి తయారుచేసిన టీకా. ఇంకా పరీక్షల్లోనే ఉంది. బయట ఎక్కడా దొరకదు.

తొమ్మిదీ నలభైకి డైరెక్టర్ గదిలో కూర్చున్నారు. డైరెక్టర్ యాభై దాటిన డాక్టర్. చేతిలోని పెన్నుకు మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

"ఎప్పుడు పోయాయి?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"మూడో తారీఖు పదకొండింటికి పెట్టె సీల్ చేశాం. అప్పుడు పదీ ఉన్నాయి. ఇవాళ పదమూడు. ఈ మధ్యలో ఎప్పుడైనా."

"ఆ షెల్ఫ్ దగ్గరికి ఎవరెవరు వెళ్లగలరు?"

"కార్డు ముగ్గురికే ఉంది. స్టోర్ ఇన్‌చార్జ్. క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. ప్యాకింగ్ సూపర్‌వైజర్."

"మీకు?"

"నాక్కూడా లేదు."

"రెండు స్టాంపు ముక్కల కోసం కమిషనర్‌గారి దాకా ఎందుకు వెళ్లారు?"

డైరెక్టర్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

"అవి ఎవరి ఒంటి మీద ఉన్నాయో తెలియదు కాబట్టి."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ మూసింది. ఇలాంటి జవాబులు రాసుకునేవి కావు, వినేవి.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పండి డాక్టర్‌గారూ."

"చర్మం అంటే గోడ అనుకుంటాం మేడమ్. గోడ కాదు, కాపలా ఉన్న వీధి. మీ బీటు కానిస్టేబుళ్లలాంటి కణాలు అందులో అడుగడుగునా ఉంటాయి. కండలో అంతమంది ఉండరు. అందుకే చర్మంలో ఇస్తే కాస్త మందు చాలు. కొత్తవాడు దిగగానే వీళ్లు పట్టుకుంటారు. పట్టుకుని ఊరుకోరు. స్టేషన్‌కి తీసుకెళ్తారు."

"స్టేషన్ ఎక్కడ?"

"చేతి మీద దిగితే చంకలో. కాలి మీద దిగితే గజ్జల్లో. అక్కడి గ్రంథుల్లో వాణ్ని అందరికీ చూపిస్తారు. వీడే, గుర్తుపెట్టుకోండి అని. అసలు జ్వరం వచ్చేసరికి ఒళ్లంతా సిద్ధంగా ఉంటుంది. ఆ పెనుగులాటకే ప్యాచ్ పెట్టినచోట రెండు రోజుల్లో ఎర్రగా పొంగుతుంది. వంద చుక్కలు చతురస్రంగా కనిపిస్తాయి. కాస్త జ్వరం, కాస్త నొప్పి. వారంలో పోతాయి."

"అంటే మంచిదే కదా. భయం దేనికి?"

"ఇందులో ఉన్నది ఆ జ్వరం క్రిమే. బతికున్నదే. కోరలు పీకిన పాము. మీకూ నాకూ ఏం కాదు. కానీ ఒంట్లో కాపలా పడుకున్నవాళ్లు కొందరుంటారు. క్యాన్సర్ మందులు వాడేవాళ్లు. వేరేవాళ్ల అవయవం పెట్టించుకున్నవాళ్లు. అలాంటివాళ్లలో దీన్ని ఆపేవాడు ఉండడు. పాకుతూనే ఉంటుంది. పది పన్నెండు రోజుల్లో మనిషి దక్కకుండా పోవచ్చు."

ఇన్‌స్పెక్టర్ మళ్లీ నోట్‌బుక్ తెరిచింది.

"ఎవరు తీశారో, వాళ్లని ఏ జైల్లో పెడతారో నాకు అక్కర్లేదు," అన్నాడు డైరెక్టర్. "ఆ రెండూ ఎవరికి పెట్టారో చెప్పండి చాలు. ముందే తెలిస్తే ఏదో ఒకటి చెయ్యగలం."

పదీ ఇరవైకి మొదటి మనిషిని పిలిచారు.

తాళాలాయన కూర్చుంటూనే చెమట తుడుచుకున్నాడు. అతని సర్వీసులో ఒక్క సీసా మూత పోలేదట. ఇప్పుడు పెట్టెలోంచే పోయింది. తల కొట్టేసినట్టుంది అతనికి.

"ఇంట్లో ఎవరెవరు?"

"మా అమ్మ, నేను. అమ్మకి ఎనభై."

"జబ్బులేమైనా?"

"ఆవిడకా? జబ్బులే ఆవిణ్ని చూసి పక్క వీధిలోంచి పోతాయి మేడమ్. పొద్దున్నే నా కంటే ముందు లేచి నన్ను తిడుతుంది."

"చేతులు చూపించండి."

రెండు చేతులూ భుజాల దాకా చూపించాడు. చుక్కలేవీ లేవు.

ల్యాబ్ అమ్మాయి లోపలికి రావడమే కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి.

"ఇంకా ఏమీ అడగలేదమ్మా. ఏడుపు దేనికి?"

"మా అక్కకి నెల కిందటే బాబు పుట్టాడు. పసిపిల్లలకి ప్యాచ్ పెట్టొచ్చా అని మొన్న మీటింగ్‌లో నేనే అడిగాను. అందరూ ఇప్పుడు నావైపే చూస్తున్నారు."

"పెట్టావా?"

"లేదు మేడమ్. పసివాళ్లకి వద్దని సార్ చెప్పారు. ఎందుకో కూడా చెప్పారు."

"ఐదో తారీఖు సెలవు పెట్టావు."

"బాబుని చూడ్డానికి. అక్కకి ఫోన్ చెయ్యండి. బావకి చెయ్యండి. వాడి ఒళ్లు చూడండి."

ఇన్‌స్పెక్టర్ చేయించింది కూడా. హెడ్ ఫోన్‌లో పావుగంట మాట్లాడాడు. అటువైపు బాలింత అతన్ని నానా మాటలూ అని, చివరికి వీడియో కాల్‌లో పిల్లవాడి ఒళ్లంతా చూపించింది. గోరంత మచ్చ లేదు.

పదీ యాభైకి మూడో మనిషి వచ్చింది. ప్యాకింగ్ సూపర్‌వైజర్. నలభై ఐదేళ్ల మనిషి, పదకొండేళ్ల సర్వీసు. గేటు మనిషి నుంచి డైరెక్టర్ దాకా అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. ఆమె గదిలోకి వచ్చి, కుర్చీ వెనక్కి లాక్కుని, ఎడమ కాలు కాస్త చాపి కూర్చుంది.

"ఇంట్లో ఎవరెవరు?"

"నేనూ, మావారూ."

"ఆయనేం చేస్తారు?"

"ఇంట్లోనే కూర్చుని గడియారాలు బాగుచేస్తారు."

"ఆరోగ్యం?"

"బాగానే ఉన్నారు మేడమ్."

"మీ కాలికేమైంది?"

"మెట్లు దిగుతుంటే బెణికింది. నాలుగు రోజులైంది."

"చేతులు?"

అక్క రెండు చేతులూ చూపించింది. నున్నగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ ఆమెను పంపేసింది. తర్వాత ఎన్నో రోజులు ఇన్‌స్పెక్టర్‌ను కుదురుగా కూర్చోనివ్వని తప్పు అదే. కాలు చూసింది, కాలి గురించి అడిగింది, జవాబు రాసుకుంది. రాసుకుని ఊరుకుంది.

పన్నెండూ ఇరవై. సీసీటీవీ గదిలో ఇద్దరే, మౌస్ హెడ్ చేతిలో.

స్టోర్ లోపల కెమెరా లేదు. ఉన్నది దుస్తులు మార్చుకునే గదిలో గుమ్మం దగ్గర. అక్కడ గదికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు మోకాలెత్తు బల్ల ఉంది. బల్లకు ఇటువైపు బయటి నేల. అటువైపు శుభ్రమైన నేల. బయటి చెప్పు అటు పడకూడదు, లోపలి చెప్పు ఇటు రాకూడదు. కాబట్టి ఎవరైనా సరే బల్ల మీద కూర్చుని, చెప్పులు విడిచి, రెండు కాళ్లూ ఎత్తి అటు తిప్పుకుని, లోపలి చెప్పులు వేసుకోవాలి. రోజుకు ఆరుసార్లు చేస్తారు. ఆ పని చేస్తున్నట్టు చేసేవాళ్లకే గుర్తుండదు.

మూడో తారీఖు నుంచి చూశారు. ముగ్గురూ వస్తున్నారు, కూర్చుంటున్నారు, కాళ్లు తిప్పుతున్నారు, పోతున్నారు. సంచి లేదు. ఆ దుస్తులకు జేబులే లేవు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు మేడమ్," అన్నాడు హెడ్. "మనకి కెమెరా ఒక్కటే ఉంది."

అంటూ కుర్చీలో కదిలి, అబ్బా అని గొణిగాడు.

"ఏమైంది బాబాయ్? పొద్దున్నుంచి కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నావు."

"కొత్త బూటు కరిచింది. ముప్పై ఐదేళ్లు దొంగల్ని పట్టుకుంటే ఏం కాలేదు, బూటు చేతిలో ఓడిపోయాను. పుండు చూస్తే మడమ మీద ఇంతే. గజ్జల్లో మాత్రం బిళ్ళ కట్టింది. కాలెత్తాలంటే ప్రాణం పోతోంది. పుండొకచోట, నొప్పి ఇంకోచోట. ఇదెక్కడి న్యాయం?"

"నడవడానికేం లేదా?"

"నడుస్తాను, నిలబడతాను. ఎత్తాలంటేనే."

ఇన్‌స్పెక్టర్ అతని వైపు చూడటం మానేసి తెర వైపు తిరిగింది.

చేతి మీద దిగితే చంకలో. కాలి మీద దిగితే గజ్జల్లో.

"వెనక్కి తిప్పు. అక్క ఒక్కదాన్నే చూపించు. నాలుగో తారీఖు నుంచి."

నాలుగో తారీఖు ఎనిమిదీ యాభై. అక్క కూర్చుంది. రెండు కాళ్లూ కలిపి అటు తిప్పింది, అరుగు మీద కూర్చుని కాళ్లూపే చిన్నపిల్లలా.

ఐదో తారీఖు. అంతే.

ఆరో తారీఖు ఎనిమిదీ యాభై రెండు. అక్క కూర్చుంది. కుడి కాలు తిప్పింది. ఆగింది. అటూ ఇటూ చూసింది. తర్వాత రెండు చేతులతో ఎడమ తొడ కింద పట్టుకుని, కాలును ఎత్తి అటు పెట్టుకుంది.

"ఆపు. పాదం పెద్దది చెయ్యి."

పాదం తెరంతా నిండింది. వట్టి పాదం. చీలమండ వాచలేదు. కట్టు లేదు. గీత లేదు.

"బెణికిందంది," అన్నాడు హెడ్.

"నాలుగు రోజులంది. ఇది ఆరో తారీఖు. ఏడు రోజులు. ఇంకాస్త ముందుకు పోనీ."

అక్క లేచి నిలబడింది. తలకు పెట్టుకునే టోపీ పై కొక్కేనికి ఉంది. దాన్ని అందుకోవడానికి ఎడమ కాలి మునివేళ్ల మీద లేచింది. ఒళ్లు బరువంతా ఆ కాలి మీదే. ముఖంలో నొప్పి లేదు.

"బెణికిన కాలి మీద ఎవరైనా అలా లేస్తారా బాబాయ్?"

హెడ్ తన మడమ వైపు చూసుకున్నాడు.

"నడవగలదు, నిలబడగలదు. ఎత్తాలంటేనే నొప్పి. నీలాగే. నీకు పుండుంది. ఆమెకు కనపడే పుండు లేదు." ఆమె కుర్చీలోంచి లేచింది. "మనం ముగ్గురివీ చేతులే చూశాం. ఇక్కడ అందరూ ప్యాచ్‌ని చేతికే పెడతారు కాబట్టి. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఇదిగో, పదకొండు రోజుల వీడియో."

పట్టుకున్నానన్న సంతోషం ఆమెకు కలగలేదు. పోయినవి రెండు. ఒకటి ఎక్కడుందో తెలిసింది. రెండోది వేరే ఎవరి ఒంటి మీదో ఉంది, అది పెట్టి ఎన్నాళ్లయిందో తెలియదు.

రెండూ ఐదుకు మీటింగ్ హాల్లో అందరినీ కూర్చోబెట్టింది. డైరెక్టర్, తాళాలాయన, ల్యాబ్ అమ్మాయి, అక్క. హెడ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని.

"తక్కువ మాటల్లో చెప్తాను. టైమ్ లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "పోయిన రెండింటిలో ఒకటి మూడో తారీఖు సాయంత్రం తీసినవాళ్లే పెట్టుకున్నారు. చేతికి కాదు. బట్టలు మార్చుకునే గదిలో చేతులు అందరికీ కనిపిస్తాయి. తొడకి పెట్టుకున్నారు. మూడో రోజుకి గజ్జల్లో బిళ్ళ కట్టింది. అప్పట్నుంచి బల్ల దాటాలంటే కాలును చేతులతో ఎత్తుకోవాల్సి వచ్చింది. ఇక్కడ రోజుకి ఆరుసార్లు ఆ బల్ల దాటేవాళ్లెవరూ అది గమనించలేదు. మీకందరికీ అది కళ్లు మూసుకుని చేసే పని."

ఎవరూ అక్క వైపు చూడలేదు. అక్కే తలెత్తింది.

"ఇక్కడ చూపించక్కర్లేదు," అంది ఇన్‌స్పెక్టర్, కాస్త నెమ్మదిగా. "చెప్పండి చాలు."

"నేనే తీశాను మేడమ్."

తాళాలాయన గుత్తి ఒకసారి గలగలమని ఆగింది.

"ఎలా?"

"టోపీ కింద. జుట్టు ముడిలో పెట్టుకుని."

"రెండెందుకు?"

"ఒకటి నాకు. ఉప్పు చూడకుండా ఎవరికీ వడ్డించం కదా. చేసేది మేమే అయినా లోపలేముందో మాకెవరూ చెప్పరు. ఏదైనా తేడా చేస్తే ముందు నాకే చెయ్యాలనుకున్నాను. ఎర్రగా పొంగింది. రెండు రోజులు ఒళ్లు కాలింది. బిళ్ళ కట్టింది. ఐదారు రోజులు చూశాను. ప్రాణానికేం భయం లేదని తేలాక రెండోది పెట్టాను."

"ఎవరికి?"

"మావారికి. మొన్న ఆదివారం పొద్దున ఎనిమిదింటికి. కుడి చేతికి."

డైరెక్టర్ ముందుకు వంగాడు. "ఆయనకేమైనా జబ్బుందా అక్కా?"

"ఇప్పుడేం లేదు సార్. మూడేళ్ల కిందట కిడ్నీ మార్చారు. అప్పట్నుంచి నిక్షేపంగా ఉన్నారు."

డైరెక్టర్ ముఖంలో రంగు పోయింది. అది ఇన్‌స్పెక్టర్ ఒక్కతే చూసింది.

"మందులు?"

"పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. మూడేళ్లలో ఒక్క పూట తప్పనివ్వలేదు."

"చెయ్యి ఎలా ఉంది?"

అక్క మొదటిసారి నవ్వింది. పొద్దుటి నుంచి ఆ ముఖం మీద ఏ కదలికా చూడని ఇన్‌స్పెక్టర్‌కు ఆ నవ్వు గుండెలో గుచ్చుకుంది.

"ఆయనకి బాగా పడింది సార్. నాకైతే అంత పొంగిందా, ఆయనకి చిన్న చుక్క కూడా ఎర్రబడలేదు. నాలుగు రోజులనుంచి రోజూ చూస్తున్నాను. చెయ్యి నున్నగా, అసలేం పెట్టనట్టే ఉంది."

డైరెక్టర్ నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఆ మాట చెప్పాల్సింది తానేనని ఇన్‌స్పెక్టర్‌కు అర్థమైంది. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నో గుమ్మాల్లో నిలబడి ఎన్నో చావు కబుర్లు చెప్పింది. ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు.

"అక్కా," అంది. ఆమె కూడా అక్కా అనే అంది. "ఎర్రబడటం మందు చేసే పని కాదట. ఒళ్లు చేసే పని. కొత్తవాడు వచ్చాడని లోపలి కాపలా లేస్తే చర్మం ఎర్రబడుతుంది, జ్వరం వస్తుంది, బిళ్ళ కడుతుంది. మీకు కాపలా లేచింది. ఆయన వేసుకునే మాత్రలు ఆ కాపలాని నిద్రపుచ్చేవి. చెయ్యి నున్నగా ఉందంటే అక్కడ ఎవరూ లేవలేదు. లోపలికి దిగింది మాత్రం బతికున్న క్రిమి."

అక్క అర్థం కానట్టు డైరెక్టర్ వైపు చూసింది. అతను తలూపాడు.

"నాలుగు నెలల కిందట అర్జీ పెట్టాను కదా సార్," అంది అక్క. గొంతు పెరగలేదు. "ఉద్యోగుల ఇంట్లోవాళ్లకి ట్రయల్‌లో చోటిస్తామంటే మావారి పేరు రాసిచ్చాను. అర్హత లేదని వచ్చింది. కింద మీ సంతకం. జబ్బుమనిషికి పెట్టడం ఎందుకులే, దండగ అనుకున్నారనుకున్నాను. మా వీధిలో ఇప్పటికి ముగ్గురు పోయారు ఆ జ్వరంతో."

"ఎందుకు అర్హత లేదో..." డైరెక్టర్ ఆగాడు. "ఫారంలో కారణం రాసే గడి లేదు అక్కా. రోజుకి వంద సంతకాలు పెడతాను. పిలిచి చెప్పి ఉండాల్సింది."

"ఆ అమ్మాయికి చెప్పారు."

"మీటింగ్‌లో అడిగింది కాబట్టి చెప్పాను."

"మేం మీటింగ్‌కి రాం కదా సార్. ప్యాకింగ్‌వాళ్లం."

ల్యాబ్ అమ్మాయి ముఖం చేతుల్లో దాచుకుంది.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసింది. రెండూ ఇరవై ఒకటి. "డాక్టర్‌గారూ. ఇప్పుడేం చెయ్యాలి?"

డైరెక్టర్ అప్పటికే ఫోన్ తీశాడు. కిడ్నీ మార్చిన ఆస్పత్రి పేరు అక్క చెప్పింది. అతను మూలకు వెళ్లి మాట్లాడాడు. ఆరు నిమిషాలు. వచ్చి అక్క ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పదకొండేళ్లలో అతను ఆమె ఎదురుగా కూర్చోవడం అదే మొదలని ఇద్దరికీ తెలుసు.

"వెంటనే తీసుకురమ్మన్నారు. బయటి నుంచి రెడీమేడ్‌గా యాంటీబాడీలు ఎక్కిస్తారు. అదొక్కటే సరిపోకపోవచ్చు. ఆయన సొంత కాపలా లేవాలి. అందుకని ఇవాళ రాత్రి నుంచి ఆ మాత్రలు ఆపమన్నారు."

"ఆపేద్దాం."

"పూర్తిగా వినండి. లేచిన కాపలా క్రిమినొక్కదాన్నే చూడదు. కిడ్నీని కూడా చూస్తుంది. పరాయిదని దాని మీద పడుతుంది. కిడ్నీ పోవచ్చు. పోతే మళ్లీ డయాలిసిస్. మళ్లీ ఎవరో ఒకరు ఇవ్వాలి. మూడేళ్ల కిందట ఇచ్చినవాళ్లు ఎవరు? వాళ్లకీ చెప్పాలి కదా."

"నేనే సార్," అంది అక్క.

తలుపు దగ్గర హెడ్ ముఖం అటు తిప్పుకున్నాడు.

"నాదే. పోతే పోనివ్వండి," అంది. "ఇచ్చేశాక అది నాదెందుకవుతుంది. మనిషిని ఉంచండి చాలు. ఉన్నదొక్కటే కాబట్టి గానీ, ఇంకోటి ఉంటే అదీ ఇద్దును."

రెండూ ముప్పై. జీపు గేటు దగ్గరికి తెప్పించారు. అంబులెన్స్ వేరే వైపు నుంచి నేరుగా ఇంటికి బయల్దేరింది. అరెస్టు కాగితం ఫైల్లోనే ఉండిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అని ఇన్‌స్పెక్టర్ అంది. ఎన్ని రోజులకని హెడ్ అడగలేదు.

"ముందు ఆయనకి ఫోన్ చెయ్యండి," అంది ఇన్‌స్పెక్టర్. "అంబులెన్స్ చూసి కంగారుపడతారు. మాత్ర సంగతి కూడా మీరే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా నమ్మరేమో."

అక్క ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. నాలుగు రింగులకు ఎత్తారు. వెనక ఏవో గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి.

"ఏమండీ."

"ఏంటి, ఈ టైమ్‌లో? డ్యూటీ లేదా?"

"రాత్రి మాత్ర వేసుకోకండి."

అటువైపు నుంచి నవ్వు వినపడింది.

"ఎవరండీ మాట్లాడేది? మా ఆవిడ ఫోన్ మీ చేతికెలా వచ్చింది? ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, వేసుకోవద్దంటుందా?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సరేలే, అలాగే," అంది ఆ గొంతు, ఇంకా నవ్వుతూనే. "నీ దగ్గర దాచడం దేనికి, పొద్దున్నుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. నువ్వు వచ్చాక చెబుదామనుకున్నాను. నీక్కూడా మొన్న ఇలాగే వచ్చి తగ్గింది కదా. అదేలే."

డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు. తలుపు వైపు దాదాపు పరుగెత్తాడు. హెడ్ అతని కంటే ముందే మెట్ల దగ్గరున్నాడు.

"వింటున్నావా? ఏం మాట్లాడవేం?"

"వింటున్నానండీ," అంది అక్క. "తలుపు గడియ తీసి పెట్టి, అక్కడే కూర్చోండి. నేను వస్తున్నాను."